అండమాన్ ఓడలో అమ్మ భోజనం

ఓడెక్కాలనుకునేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, గది తీసుకునేటప్పుడు కిటికీ చూసి మురిసిపోవద్దని. కిటికీ ఉన్న గదులు పై అంతస్తులో, ఓడ అంచున ఉంటాయి. ఊగుడంతా అక్కడే. కింది అంతస్తులో, ఓడకి నడిమధ్యన గది దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోండి. సముద్రం చూడాలనిపిస్తే మెట్లెక్కి పైకి వెళ్ళి చూడొచ్చు. అదెక్కడికీ పోదు.

జగ్గయ్యపేట మొత్తం మీద ఓడెక్కిన పంతులమ్మను నేనొక్కదాన్నేనని మా స్టాఫ్ రూములో ఒక నమ్మకం. ఎవరైనా పేపర్లో క్రూయిజ్ అనే మాట చదివితే చాలు, "మేడమ్, మీరు వెళ్ళారుగా, ఏమేం పట్టుకెళ్ళాలి?" అంటూ నా దగ్గరికొస్తారు. నేను వెళ్ళింది వాళ్ళనుకునే ఓడ కాదు. ఈతకొలను, డాన్సులు, రంగు దీపాలు ఏమీ లేవు. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి మనుషుల్నీ, ఉల్లిపాయ బస్తాల్నీ కలిపి మోసే ఓడ. సునామీ రాకముందు మాట. అయినా ఓడ ఓడే, కడుపులో తిప్పడం తిప్పడమే కాబట్టి తెలిసింది చెప్తాను. ఒక్కటి మాత్రం వాళ్ళకి చెప్పను. నేను ఆ ఓడెక్కింది సముద్రం చూడ్డానికి కాదు. మా అమ్మను బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకొకరి చేత ఆమెకు అన్నం వడ్డింపించడానికి.

మా అమ్మది చందర్లపాడు దగ్గర పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిరపకాయలు కోసి, పత్తి తీసి, కలుపు తీసి నన్ను చదివించింది. ఆసామి ఇంట్లో పనున్న రోజుల్లో మధ్యాహ్నం అన్నం అక్కడే. ఇంట్లో అందరూ తిన్నాక, పశువుల కొట్టం పక్కన, అమ్మ తీసుకెళ్ళిన సత్తు గిన్నెలో పైనుంచి వేసేవాళ్ళు. సెలవుల్లో నేనూ అమ్మ పక్కన కూర్చుని ఆ గిన్నెలోనే తిన్నాను. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేననను.

తొంభైల చివర్లో నాకు టీచరుద్యోగం వచ్చింది. మొదట నందిగామ, తర్వాత జగ్గయ్యపేట. మా ఆయన మండలాఫీసులో గుమాస్తా. అమ్మ చేత కూలి మాన్పించి మా దగ్గరికి తెచ్చుకున్నాం. డైనింగ్ టేబుల్ కొన్నాం. అమ్మ దాన్ని రోజూ తుడిచేది, దాని మీద కూరగాయలు తరిగేది, మాకు వడ్డించేది. మేం లేచాక తన గిన్నెలో అన్నం కలుపుకుని వంటింటి గడప దగ్గర కింద కూర్చునేది. "కుర్చీలో కూర్చో అమ్మా" అంటే "నా నడుం కుర్చీకి ఒప్పదే" అనేది. మొదట్లో నిజమేననుకున్నాను. బస్సు సీటుకి ఒప్పిన నడుం కుర్చీకెందుకు ఒప్పదని చాలా రోజుల తర్వాత తోచింది.

సొంతిల్లు కట్టుకున్నప్పుడు ప్రార్థన పెట్టించి, స్కూలు వాళ్ళందరినీ భోజనానికి పిలిచాను. షామియానా కింద బల్లలు వేశాం. అమ్మ అందరికీ వడ్డించి, ఆఖర్న పెరటి మెట్టు మీద కూర్చుని తింటోంది. చెయ్యి కడుక్కోవడానికి అటు వెళ్ళిన తోటి టీచరు ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మీ పనావిడ ఎంత నెమ్మదస్తురాలండీ, ఇంతమందికీ విసుక్కోకుండా వడ్డించింది" అని మెచ్చుకుంది.

"మా అమ్మండి" అన్నాను.

ఆవిడ నాలుక్కరుచుకుంది. వెళ్ళేటప్పుడు అమ్మ రెండు చేతులూ పట్టుకుని మరీ చెప్పి వెళ్ళింది. మంచి మనిషే. నాకు మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు. కోపం ఆవిడ మీద కాదు, అమ్మ మీద. ఇల్లు నాది, బల్లలు నావి, పిలిచింది నేను. నువ్వొక్కదానివే ఆ మెట్టు మీద ఎందుకున్నావని.

ఆ కోపంతోనే అమ్మను హోటళ్ళకు తిప్పడం మొదలుపెట్టాను. నందిగామ బస్టాండు దగ్గర భోజనం హోటల్లో కుర్చీ అంచున కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, నాలుగు ముద్దల్లో ముగించి, ఆ కంచాన్ని కడగడానికి తీసుకెళ్ళబోయింది. కంచికచర్లలో కడుపునొప్పంది. విజయవాడలో ఒక పెద్ద హోటలు లోపలి దాకా వచ్చింది. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు మాయమైంది. వెతుక్కుంటూ వెళ్తే బస్టాండులో మా సంచి మీద కూర్చుని ఉంది. "నాకాకలి లేదు, మీరు తినిరండి" అంది.

అప్పుడే నాకు ఓడ ఆలోచన వచ్చింది. విశాఖపట్నంలో ఉండే నా ట్రైనింగు స్నేహితురాలు అంతకుముందు సంవత్సరం అండమాన్ వెళ్ళొచ్చి ఉత్తరం రాసింది. చౌక టికెట్టు వాళ్ళకి కింద క్యాంటీనట, గది తీసుకున్నవాళ్ళకి వేరే భోజనాల హాలట, తెల్లగుడ్డ పరిచిన బల్లలట, తెల్ల చొక్కాల వాళ్ళు వచ్చి వడ్డిస్తారట. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. నాకు మిగతా ఉత్తరమేదీ గుర్తులేదు. ఓడైతే అమ్మ దిగి బస్టాండుకి వెళ్ళిపోలేదు కదా అన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

మా ఆయనకు చెప్తే నోరు వెళ్ళబెట్టాడు. "అన్నం తినిపించడానికి అండమానా? జైల్లో పెట్టి తినిపిస్తావా ఏంటి మీ అమ్మకి?" అన్నాడు. నేను పట్టిన పట్టు విడవనని ఆయనకు పెళ్ళైన నెలకే తెలుసు కాబట్టి ఇంకేమీ అనలేదు.

ఇక్కడ రెండో సలహా. సెలవులు చూసుకుని ఓడెక్కకండి, సముద్రాన్ని చూసుకుని ఎక్కండి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం బుద్ధిగా ఉంటుందట. మా పంతుళ్ళకేమో మేలో సెలవులు. వానలు మొదలయ్యే ముందు సముద్రం ఎంత చిరాగ్గా ఉంటుందో మాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు. టికెట్ల కోసం నా స్నేహితురాలు ఆ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఓడ నెలకి ఒకటో రెండో. ఏ రోజు కదులుతుందో వారం ముందు గాని తేలదు. ఒకసారి తేలాక కూడా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. అందుకని అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు చేతిలో ఉంచుకుని బయల్దేరాలి. తిరుగు టికెట్టు దొరికాకే వెళ్ళే టికెట్టు కొనాలి. లేదంటే అక్కడే కాపురం పెట్టాల్సొస్తుంది.

గుర్తింపు కాగితాలు కూడా ముందే చూసుకోండి. అమ్మ ఓటరు కార్డు బయటికి తీస్తే అందులో ఆమెకు నాకంటే తొమ్మిదేళ్ళే ఎక్కువ. రేషన్ కార్డులో నాకంటే నలభై రెండేళ్ళు ఎక్కువ. మా ఆయన రెండూ పక్కపక్కన పెట్టి, "ఏ అత్తయ్యని తీసుకెళ్దాం?" అన్నాడు. చివరికి ఆయనే తన ఆఫీసులో కాగితం ఒకటి రాయించుకొచ్చాడు.

అమ్మను ఒప్పించడం నేననుకున్నంత కష్టం కాలేదు. చర్చిలో పాస్టరుగారు తుఫానులో చిక్కుకున్న పడవ గురించి వాక్యం చెప్పినప్పుడల్లా అమ్మ ఇంటికొచ్చి, "చుట్టూతా నీళ్ళేనంట, ఎటు చూసినా ఒడ్డు కనపడదంట, నిజంగా అట్టా ఉంటదా?" అని అడిగేది. ముక్త్యాల దగ్గర కృష్ణ దాటడమే ఆమె చేసిన పెద్ద నీటి ప్రయాణం. అక్కడ అవతలి ఒడ్డు మీద మేకలు కూడా కనబడతాయి. నేను ఆ ఒడ్డు లేని నీళ్ళ సంగతి ఎత్తి, దానికి ఒక అబద్ధం తగిలించాను. టికెట్టు కొనేశామని, తీసుకున్న టికెట్టు వెనక్కి తీసుకోరని చెప్పాను. ఏదైనా వృథా అవుతుందంటే అమ్మ ప్రాణం ఒప్పదు. "అయితే ఊరికే పోద్ది గదే" అని ఒప్పుకుంది. భోజనాల హాలు గురించి నేను మాటవరసకైనా అనలేదు.

సామాను విషయంలో మేం చేసిన తప్పు మన వైపు వాళ్ళందరూ చేసేదే. ఓడలో తిండి దొరకదేమోనని భయం. పులిహోర, చెక్కలు, కందిపొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ, అటుకులు, చివరికి చిన్న కిరసనాయిలు స్టవ్వు. ఓడరేవు గేటు దగ్గర ఆ స్టవ్వు చూసి కాపలా అతను మా ముగ్గురినీ పైకీ కిందకీ చూశాడు. ఓడకి నిప్పంటిస్తారా అని కేకలేశాడు. స్టవ్వు మా స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. మీరు తీసుకెళ్ళాల్సినవి వేరే ఉన్నాయి. నిమ్మకాయలు, సొంఠి, ఉప్పు, దుప్పటి, కాళ్ళకి జారని చెప్పులు, మూతి బిగించడానికి వీలుండే ప్లాస్టిక్ సంచులు పాతిక. వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి. కదిలాక వేసుకుంటే ఆ మాత్ర కూడా బయటికే వస్తుంది. దుప్పటి దేనికంటారేమో, లోపల ఏసీ. మే నెల ఎండల్లోంచి వెళ్ళిన మేం మొదటి రాత్రి వణికిపోయాం.

ఓడ సాయంత్రం కదిలింది. మా గదిలో నాలుగు పడకలు, మేం ముగ్గురం, నాలుగోది సామానుకి. పై అంతస్తు, కిటికీ ఉన్న గది. నేనే ఏరికోరి తీసుకున్నాను. అమ్మ పైకి వెళ్ళి రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఒడ్డు సన్నగా అయి, గీతలా అయి, పోయింది. "అయ్యో, పోయిందే" అంది. చీకటి పడ్డాక భోజనానికి గంట కొట్టారు.

నేను మంచి చీర కట్టుకున్నాను. అమ్మకి ఇస్త్రీ చీర తీసిచ్చాను. హాలు అచ్చం ఉత్తరంలో రాసినట్టే ఉంది. తెల్లగుడ్డలు, గాజు గ్లాసులు, నేలకి గొలుసులతో బిగించిన కుర్చీలు. ఆఫీసర్లలా ఉన్నవాళ్ళు, వాళ్ళ భార్యలు, పిల్లలు నిండుగా కూర్చుని ఉన్నారు. అమ్మ గుమ్మం దగ్గర ఆగి కుర్చీల కాళ్ళ వంక చూసింది.

"కుర్చీల్ని కట్టేశారేందే, ఎవరెత్తుకుపోతారని?" అంది.

"అవన్నీ తర్వాత. రా, కూర్చో."

"నువ్వు, అల్లుడుగారు తినిరండి. నాకు పులిహోరుందిగా."

నేను చెయ్యి పట్టుకుని లాగాను. అమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. గదికొచ్చి చూస్తే రెండు పడకల మధ్య నేల మీద కూర్చుని పులిహోర తింటోంది. "ఇది పాడవుద్దే రేపటికి" అంది, నేనేమీ అడగకుండానే. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి, ఇంత నీటి మధ్యలో కూడా ఈ మనిషికి ఒక గడప దొరికిందనుకున్నాను. అయినా ఇంకా ఐదారు భోజనాలున్నాయి, చూద్దాంలే అని పడుకున్నాను.

తెల్లారేసరికి సముద్రం లేచింది. దాన్ని వర్ణించమంటే నా వల్ల కాదు, నేను చూడలేదు. నేను చూసింది గది పైకప్పు, ప్లాస్టిక్ సంచి, మళ్ళీ పైకప్పు. మా ఆయన అవతలి పడక మీద గోడకి తిరిగి, "నన్ను ఇక్కడే దింపేయమను" అని మూలిగాడు. లేస్తే తిరుగుడు, పడుకుంటే తిరుగుడు. పక్క గదుల్లోంచీ అవే చప్పుళ్ళు. అమ్మ మాత్రం మా ఇద్దరి మధ్య తిరుగుతూ సంచులు మార్చింది, నిమ్మకాయ ముక్కకి ఉప్పద్ది నోట్లో పెట్టింది, మొహాలు తుడిచింది. ఇరవై ఏళ్ళు మిరపకోతలకి ట్రాక్టరు తొట్టిలో నిలబడి వెళ్ళిన మనిషికి ఆ ఊగుడు ఒక లెక్కా.

మధ్యాహ్నం భోజనాల హాలు నుంచి వడ్డించే ఆయన గది గదికీ వచ్చి చూస్తున్నాడు. నడివయసు మనిషి, శ్రీకాకుళం వైపు వాడు. మా తలుపు తీసి మా ఇద్దరినీ చూసి లాభం లేదనుకున్నాడు. అమ్మను చూశాడు.

"ఏటి పెద్దమ్మా, మీకేటీ అవలేదు కదా. రాండి, భోజనానికి. ఒక్కలూ రాలేదు. వండిందంతా అలాగే ఉండిపోనాది."

"ఉంటే ఏం చేస్తారయ్యా?"

"ఏటి చేస్తాం. సముద్రంలో పారబోసీడమే."

"అన్నాన్నా? నీళ్ళల్లో పోస్తారా?"

అమ్మ గొంతు మారిపోయింది. నా వైపు తిరిగి, "మీరు కాసేపు కదలకుండా పడుకోండి" అంది. కొంగు దులుపుకుంది. ఆయన వెనకే నడిచి వెళ్ళిపోయింది.

నేను లేవబోయాను. మోచేతి మీద సగం లేచాను కూడా. గది గిర్రున తిరిగింది. ఎన్నాళ్ళ నుంచో నేను పన్నాగాలు పన్ని తెచ్చుకున్న ఘడియ పది గదుల అవతల జరుగుతుంటే, నేను సంచిలో తలపెట్టుకుని ఉన్నాను. నా బతుకులో అంత ఉడుకుమోత్తనం ఎప్పుడూ రాలేదు.

అమ్మ గంట తర్వాత వచ్చింది. నేను కళ్ళు మూసుకునే అడిగాను.

"ఎక్కడ కూర్చున్నావు?"

"ఎక్కడేందే, కుర్చీలో. కింద కూచుంటే దొర్లిపోతన్నా."

"కంచం?"

"బల్ల మీదే. జారకుండా గుడ్డ తడిపి పరిచారు, తెలివైనోళ్ళు."

"ఎవరు వడ్డించారు?"

"ఆ అబ్బాయే. పప్పు, క్యాబేజీ, చేపల పులుసు. క్యాబేజీలో ఉప్పు లేదని చెప్పా. రాత్రికి సరిగ్గా వేయిస్తానన్నాడు."

నాకు ఏడుపొచ్చింది. "ఏడవమాకే, వాంతి ఇంకా ఎక్కువైద్ది" అని అమ్మ నా వీపు రాసింది. ఆ రాత్రి, మర్నాడు పొద్దున, మధ్యాహ్నం కూడా అమ్మ గంట కొట్టగానే వెళ్ళింది, వచ్చి ఏం పెట్టారో చెప్పింది. రెండోసారి వెళ్ళొచ్చాక, రాత్రి కూరలో ఉప్పు సరిపోయిందని కూడా చెప్పింది. నేను ఒక్కసారి కూడా చూడలేకపోయాను. అయినా గెలిచాననుకున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ఐదు రోజులున్నాం. అక్కడ ఏమేం చూడాలో ఎవరైనా చెప్తారు, నేను చెప్పక్కర్లేదు. దిగిన రోజున ఏమీ పెట్టుకోకండి, నేల కూడా ఊగుతున్నట్టే ఉంటుంది. అమ్మ బజారులో తెలుగు మాట వినబడ్డ ప్రతిచోటా ఆగి వాళ్ళ ఊరు, పంటలు కనుక్కుంది. మిరప కోతకి కూలి ఎంతో అడిగింది. ఇక్కడ మిరప వేయరంటే జాలిపడింది.

తిరుగు ప్రయాణంలో అదే ఓడ. సముద్రం మాత్రం అదేనా అన్నంత నిమ్మళంగా ఉంది. ఓడ కదిలిన సాయంత్రం నేను అందరికంటే హుషారుగా తయారయ్యాను. ఈసారి కళ్ళారా చూడబోతున్నాను. గంట కొట్టారు. హాలు కిటకిటలాడుతోంది. వాంతులు లేవు, అందరూ ఆకలి మీదున్నారు. గుమ్మంలోకి రాగానే అమ్మ అడుగు ఆగింది.

"రా" అన్నాను.

అమ్మ హాలంతా ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే గదికి వెళ్ళి తలుపు వేసి అరిచాను. ఓపిక పట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "అక్కడే కదా నాలుగు పూటలు తిన్నావు? అదే కుర్చీ, అదే బల్ల! ఇప్పుడేమొచ్చింది?"

"ఆ రోజు ఎవ్వరూ లేరు గదే" అంది అమ్మ.

అమ్మ పడక అంచున కూర్చుంది.

"జనం ఉంటే ఏమవుద్దమ్మా? నిన్నేమన్నా కొరుక్కుతింటారా?"

"అట్టా కాదు. ఎప్పుడు లెమ్మంటారోనని ఉంటది. ముద్ద దిగదు."

"ఎవరు లెమ్మంటారు? టికెట్టు కొనుక్కుని వచ్చాం."

"ఒకసారి లేపారు గదా" అంది. బియ్యంలో రాళ్ళేరుతూ మాట్లాడినట్టు, తల ఎత్తకుండా చెప్పింది. "ఆసామి గారి బంధువులింట్లో పెళ్ళి. పనికెళ్ళా. అన్నాల టైముకి ఎవరో కొత్తామె, ఊరు గానామె, తెలవక 'రామ్మా కూర్చో' అని బంతిలో కూచోబెట్టింది. విస్తరేశారు. అన్నం కూడా పెట్టారు. కలిపి ముద్ద చేశా. అప్పుడొచ్చి లెమ్మన్నారు. అందరూ చూస్తన్నారు. నువ్వు నా ఒళ్ళోనే ఉన్నావు. ఆ ముద్ద నీకే పెట్టబోతన్నా."

నాకు అది గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. ఆ ముద్ద ఏమైందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నందిగామలో, కంచికచర్లలో, విజయవాడలో నేను అమ్మను ఎలా పిలిచానో మాత్రం వరసగా గుర్తొచ్చింది. కూర్చో, కూర్చో, కూర్చో. వాళ్ళు ఒకసారి లెమ్మన్నారు. నేను ఇన్నాళ్ళుగా అదే గొంతుతో కూర్చోమంటున్నాను. ఆమెను అడిగింది ఎప్పుడూ లేదు. సిగ్గేసింది.

ఆ పూట ముగ్గురం గదిలోనే తిన్నాం. మిగిలిన అటుకులు, కందిపొడి. నేను కూడా కిందే కూర్చున్నాను. మా ఆయన సంగతి తెలియకపోయినా ఏమీ అడగకుండా మా పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. ఆయన మీద నేను వేసే వేళాకోళాలన్నీ ఆ ఒక్క పూటకి రద్దు చేసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, "నీకు ఇక్కడికే తెచ్చిపెడతానమ్మా. నువ్వు రానక్కర్లేదు" అన్నాను. నిజంగానే అన్నాను.

అమ్మ కాసేపు కిటికీలోంచి నీళ్ళు చూసింది. "గంట ఎప్పుడు కొడతారు?" అంది.

"ఇంకో పావుగంటకి."

"ఇప్పుడే పోదాం. జనం రాకముందు కూచుంటే, వాళ్ళొచ్చేసరికి సగం తినేస్తాగా."

నేను సరేనన్నాను. అంతకుమించి ఒక్క మాట అన్నా పాడుచేస్తానని భయమేసింది. హాల్లో ఆ శ్రీకాకుళం ఆయన బల్లలు సర్దుతున్నాడు. అమ్మను చూసి, "రాండి పెద్దమ్మా, ఇయ్యాళ ఉప్పు మీరే చూడాల" అని నవ్వాడు. అమ్మ నేరుగా ఒక బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆరుగురు పట్టే బల్ల. చివరి కుర్చీలో కూర్చుంది. పక్కన నేను, నా పక్కన మా ఆయన. గంట కొట్టకముందే ఆ వడ్డించే ఆయన అమ్మకి అన్నం పెట్టి, పప్పు వేశాడు. అమ్మ వెన్ను నిటారుగా పెట్టి, నెమ్మదిగా, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. నేను ముద్ద కలిపాను గాని తినలేదు. చూస్తూ కూర్చున్నాను.

గంట కొట్టారు. జనం రావడం మొదలైంది. ఒక బల్ల, రెండు బల్లలు, పది నిమిషాల్లో హాలు నిండిపోయింది. అమ్మ కంచంలో ఇంకా సగం ఉంది. మా బల్లకి అవతలి వైపు మూడు కుర్చీలు ఖాళీ. కళ్ళజోడు, సఫారీ సూటు వేసుకున్న ఒక పెద్దాయన, ఆయన భార్య చోటు వెతుక్కుంటూ వచ్చి మా బల్ల దగ్గర ఆగారు. ఆయన నిలబడింది సరిగ్గా అమ్మకు ఎదురుగా. అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. రెండో చేత్తో కుచ్చిళ్ళు కూడదీసుకుంటోంది. లేవబోతోందని నాకు తెలిసిపోయింది. కూర్చో అనే మాట గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను.

ఆయన కొంచెం వంగి, అమ్మనే అడిగాడు. "అమ్మా, ఇక్కడ మేం కూర్చోవచ్చా అండి?"

అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన నిలబడే ఉన్నాడు. అమ్మ జవాబు కోసం ఆయన, ఆయన వెనక ఆయన భార్య, ఇద్దరూ నిలబడే ఉన్నారు. అమ్మ కుచ్చిళ్ళు వదిలేసింది.

"కూచోండయ్యా" అంది.

వాళ్ళిద్దరూ కూర్చున్నారు. వాళ్ళు సర్దుకునేదాకా అమ్మ ఆగి చూసి, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంది.